సంక్రాంతి తర్వాత మా ఇల్లు: పాప డేకేర్, నా ఆఫీసు, అమ్మ చీర

పండక్కి ఊరెళ్ళొచ్చి అప్పుడే నెల దాటిపోయింది. ఇవాళ శివరాత్రి సెలవు కాబట్టి కాస్త కూర్చోగలిగాను, లేదంటే ఈ ఐదు వారాల్లో పాప పడుకోగానే నేనూ పడుకోవడమే తప్ప ఇంకోటి చేసింది లేదు. ఫ్రెండ్సందరూ ఏంటి సంగతులు, పాప ఎలా ఉంది, ఆఫీసుకి వెళ్తున్నావా, మీ అమ్మగారు ఇంకా మీ దగ్గరే ఉన్నారా అని అడుగుతున్నారు, ఒక్కొక్కళ్ళకి సగం సగం చెప్పేకంటే మొత్తం ఒకేచోట రాసేస్తే, నాలాగే లీవ్ అయిపోయి డేకేర్ కోసం వెతుక్కుంటున్నవాళ్ళకి కూడా పనికొస్తుందని రాస్తున్నా.

మాది భీమవరం పక్కన ఊరు, మా ఆయనది సూర్యాపేట, మేం ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో. పాప 2024 మేలో పుట్టింది, డెలివరీ భీమవరంలోనే. మూడో నెల నిండాక ఆగస్టు చివర్లో హైదరాబాద్ వచ్చేసాం, అమ్మ కూడా మాతో వచ్చింది. అప్పట్నుంచి జనవరి దాకా, దగ్గర దగ్గర ఐదు నెలలు, పాప స్నానం, ఉగ్గు, నిద్ర అన్నీ అమ్మే. నేను పాలివ్వడం తప్ప పెద్దగా ఏం చేసానో నాకే తెలీదు.

లీవ్ సంగతి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా. 2017లో చట్టం మార్చినప్పట్నుంచి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల మెటర్నిటీ లీవ్, అంతకుముందు 12 వారాలే ఉండేది. డెలివరీకి ముందు ఎనిమిది వారాల వరకు వాడుకోవచ్చు, నేను రెండు వారాలే వాడుకుని మిగతాదంతా పాప కోసం దాచుకున్నా. అది అక్టోబర్ ఆఖరికి అయిపోయింది. లీవ్ అయ్యాక పని ఇంటి నుంచి చేయగలిగేదైతే కంపెనీ, మనం మాట్లాడుకుని కొన్నాళ్ళు వర్క్ ఫ్రం హోమ్ పెట్టుకోవచ్చని కూడా అదే చట్టంలో ఉంది, ఈ సంగతి చాలామందికి తెలీక అడగరు. నేను మా మేనేజర్‌కి మెయిల్ పెట్టి అడిగాను, జనవరి దాకా ఇచ్చారు. ఆ తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అన్నారు. 50 మంది, ఆ పైన పనిచేసే చోట క్రెష్, అంటే ఉద్యోగుల చంటిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని కూడా రూల్, మా ఆఫీసుకి ఒక క్రెష్‌తో టై అప్ ఉంది గానీ అది మా ఇంటికి చాలా దూరం, ఆ ట్రాఫిక్‌లో ఎనిమిది నెలల పిల్లని పొద్దున్నా సాయంత్రం తిప్పడం నాకు మనసొప్పలేదు.

అందుకని డిసెంబర్‌లోనే ఇంటి చుట్టుపక్కల నాలుగు డేకేర్లు చూసాం. ఒకచోట గేటు దగ్గరే "మొదటిరోజు నుంచే పొద్దున వదిలేసి వెళ్ళిపోండి మేడం, మూడు రోజులు ఏడుస్తారు, నాలుగో రోజుకి అలవాటైపోతారు" అన్నారు. లోపల బొమ్మలు, గోడల మీద పెయింటింగ్‌లు బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ నడవలేని పిల్లలు, మూడేళ్ళ పిల్లలు అందరూ ఒకే గదిలో, పెద్ద పిల్లలు పరిగెడుతుంటే చంటిది ఒకటి మధ్యలో కూర్చుని బిత్తరచూపులు చూస్తోంది. ఆ చూపు నాకు ఇంటికొచ్చాక కూడా పోలేదు. చివరికి మేం ఒప్పుకున్నది చిన్నది, పేరుకి హంగులేం లేవు, అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో మూడు గదులు. పాలు తాగే పిల్లలకి వేరే గది, ఆ గదిలో ఐదుగురు పిల్లలకి ఇద్దరు ఆయమ్మలు, పాలు పెట్టడానికి విడిగా ఫ్రిజ్, కెమెరా ఫోన్‌లో చూసుకోవచ్చు. అన్నింటికన్నా ముఖ్యంగా మొదటి వారం తల్లి పక్కనే కూర్చోవచ్చు అన్నారు. నెలకి పదకొండు వేలు, సాయంత్రం ఆరున్నర దాటితే ఎక్స్‌ట్రా. అడ్వాన్స్ కట్టేసి పండక్కి బయల్దేరాం.

జనవరి 11 తెల్లవారుజామున మూడింటికి కారు తీసాం, అయినా పంతంగి టోల్ దగ్గర బారులు బారులు. ముందు సూర్యాపేటలో ఆగాం. అత్తమ్మ అప్పటికే బియ్యం నానబోసి పిండి పట్టించి పెట్టుకుంది, ఇంటెనక పెద్ద బట్ట పరిచి వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని సకినాలు చుడుతున్నారు. నువ్వులు, వాము కలిపిన పిండిని వేళ్ళ మధ్య నుంచి తిప్పుతూ చుట్ల మీద చుట్లు, ఆరాక నూనెలో వెయ్యాలి. నాకు పెళ్ళయి నాలుగేళ్ళయినా ఇప్పటికీ మూడో చుట్టు దగ్గర తెగిపోద్ది. పాపని మాత్రం ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి మార్చుకుంటూ రెండు రోజులు కింద పెట్టనివ్వలేదు.

12న సాయంత్రానికి మా ఊరు చేరాం, 13న భోగి. పాపకి మొదటి భోగిపళ్ళు. అమ్మ రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, బంతి రేకులు, చిల్లర అన్నీ ఇత్తడి పళ్ళెంలో కలిపి పెట్టింది, పేరంటాళ్ళు దిష్టి తీసినట్టు తిప్పి తల మీంచి పోస్తుంటే పాప ఏడుస్తుందేమో అనుకున్నాం, అస్సలు ఏడవలేదు, ఒళ్ళో పడ్డ రేగుపండు ఒకటి చటుక్కున పట్టుకుని నోట్లో పెట్టేసుకుంది. నేను ఫొటోలో చూస్తున్నానే గానీ పిల్లని చూడట్లేదు, అమ్మ ఒక్క అంగలో వచ్చి వేలు పెట్టి తీసేసింది. గింజతో సహా గొంతులోకి పోయి ఉంటే అని ఆ రాత్రంతా గుండె కొట్టుకుంటూనే ఉంది. అమ్మ లేకుండా రేపట్నుంచి నేనెలా చూసుకుంటాను అనే భయం అక్కడే మొదలైంది అనుకుంటా.

ఎందుకంటే అమ్మ ఈసారి మాతో తిరిగి రావట్లేదు. ఐదు నెలలు నాన్న ఒక్కరే ఉన్నారు, షుగర్ ఉంది, టైముకి తినరు, పైగా దాళ్వా (రెండో పంట వరి) నాట్లు నడుస్తున్నాయి, కూలీలకి టీలు, భోజనాలు చూసే మనిషి లేదు. నాన్న నోరు తెరిచి ఒక్కసారి కూడా అడగలేదు గానీ మేం వెళ్ళేసరికి ఆయన చొక్కా వదులైపోయింది, అది చూసాక ఇంకేం మాట్లాడతాం.

ముక్కనుమ రోజు రాత్రి అన్నాలు తిన్నాక అమ్మ మొదలెట్టింది. "పాపనిక్కడే వదిలెయ్యండే, ఏడాది నిండాక పట్టుకెళ్దురు గాని. నేను చూసుకుంటాను, మీ నాన్నా ఉన్నారు, పక్కన పిన్ని ఉంది. చంటిపిల్లని ఎవరో ఆయాల చేతిలో పెడతావేంటే" అంది. తర్వాత మా ఆయన వైపు తిరిగి "మీరైనా చెప్పండి బాబూ" అంది. ఆయన తల దించుకుని "తన ఇష్టం అత్తయ్యా" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు వదిలెయ్యాలనే అనిపించింది. మా బంధువుల్లో చాలామంది అలాగే చేసారు, ఏడాదో రెండేళ్ళో పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరిగి చక్కగా ఉన్నారు, అది తప్పని నేను అస్సలు అనను. కానీ కూలీలతో పాటు పొలం గట్టు మీద అమ్మ చంకలో పాప, పాలేమో డబ్బా పాలు, నేను వారానికోసారి వీడియో కాల్‌లో... ఇవన్నీ ఊహించుకుంటూ ఆ రాత్రి నిద్ర పోలేదు. పొద్దున్నే అత్తమ్మకి ఫోన్ చేసాను, ఆమె ఏమంటుందో అని. "మీ అమ్మకాడ ఉంటె పిల్ల మంచిగనే ఉంటది బిడ్డా, గని పాలు తాగే పిల్ల, తల్లి కాడ ఉంటెనే తల్లికీ నిమ్మలం, పిల్లకీ నిమ్మలం. కష్టమయితది, కాదంటలేను. మీరిద్దరున్నరు గద, చేస్కుంటరు" అంది. అంతే, ఏడుపొచ్చేసింది. పాపని తీసుకెళ్ళిపోతాం అని అమ్మకి చెప్పాను.

అమ్మ ఏం అనలేదు. ఆ రోజంతా అరిసెలు, సున్నుండలు డబ్బాల్లో సర్దింది, ఉగ్గుపిండి కొట్టింది, బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి కాస్త వాము వేసి, మెత్తగా జల్లించి. 18న బయల్దేరేటప్పుడు పాప బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది, నాతో మాత్రం "జాగ్రత్త" అని ఒక్క మాటే.

ఇంటికొచ్చి సంచులు విప్పుతుంటే ఉగ్గుపిండి సీసా పగలకుండా చుట్టిన గుడ్డ చూసాను. అమ్మ రోజూ ఇంట్లో కట్టుకునే లేతాకుపచ్చ నేత చీర, కొంగు చివర పసుపు మరక. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ పాపని ఒళ్ళో పడుకోబెట్టుకునేది ఈ చీరతోనే. సీసాకి చుట్టడానికి ఇంట్లో పాత తువ్వాళ్ళు బోలెడున్నాయి.

జనవరి 20 నుంచి డేకేర్. ఆ వారం నేను లీవ్ పెట్టాను, అది పెట్టడం ఎంత మంచిదయిందో ఇప్పుడు తెలుస్తోంది. మొదటిరోజు గంటసేపు నేను పక్కనే కూర్చున్నా, పాప నా చున్నీ వదల్లేదు. రెండో రోజు పావుగంట బయటికి వెళ్ళొచ్చా, చెప్పకుండా జారుకోవద్దు, టాటా చెప్పి వెళ్ళండి అని అక్కడి మేడం గట్టిగా చెప్పారు, ఏడ్చినా సరే అమ్మ వెళ్తుంది, మళ్ళీ వస్తుంది అని పిల్లకి తెలియాలట. ఏడ్చింది. మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో కెమెరా చూస్తూ నేనూ ఏడ్చాను. మూడో రోజు రెండు గంటలు, ఆయమ్మ చేత్తో ఉగ్గు నాలుగు చెంచాలు తింది. అన్నీ కుదురుకుంటున్నాయి గానీ నిద్ర ఒక్కటే రాలేదు. కళ్ళు ఎర్రగా అయిపోయి, చెవి లాక్కుంటూ, పరుపు మీద పెడితే చాలు కెవ్వుమనేది.

నాలుగో రోజు ఆయమ్మ అడిగింది, "ఇంట్ల దేని మీద పడుకుంటదమ్మా పాప?" అని. అప్పుడు గుర్తొచ్చింది. మర్నాడు చీర తీసుకెళ్ళి నాలుగు మడతలు వేసి పరుపు మీద గట్టిగా, ముడతల్లేకుండా పరిచాం. పాపని పడుకోబెడితే ముందు ఏడ్చింది, తర్వాత బోర్లా తిరిగి ముఖం ఆ గుడ్డకి రాసుకుంది, ఇటోసారి అటోసారి, చిన్నగా ఊ ఊ అంటూ, ఆ పసుపు మరక దగ్గర చెయ్యి పెట్టి అలాగే నిద్రపోయింది. నలభై నిమిషాలు. నేనూ ఆయమ్మా ఊపిరి బిగబట్టి చూస్తూ నిలబడ్డాం. ఫొటో తీసి అమ్మకి పంపించా. రెండు నీలం టిక్కులు వచ్చాయి, రిప్లై రాలేదు.

27 సోమవారం నుంచి ఆఫీసు. పాల సంగతి కాస్త వివరంగా చెప్తా, నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. పొద్దున ఐదున్నరకి ఒకసారి పాప తాగాక రెండో వైపు పంప్ చేసేదాన్ని, ఆఫీసులో పదకొండున్నరకి, మూడున్నరకి ఇంకో రెండుసార్లు. మా ఆఫీసులో దానికి చిన్న గది ఉంది, తలుపుకి గడియ ఉంది, అది ఉన్నందుకు దండం పెట్టుకోవాలి. పిండిన పాలు బయట మామూలు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంటాయి, ఫ్రిజ్ తలుపులో కాకుండా లోపల వెనక పెట్టాలి, ఊరికే తెరిచి మూస్తుంటే తలుపు దగ్గర చల్లదనం పోతుంది. ప్రతి సీసా మీద తేదీ, టైము మార్కర్‌తో రాస్తాను. పాప తాగగా మిగిలినవి రెండు గంటల్లో వాడకపోతే పారబోయాలి, ఆ పారబోయడం ఎంత బాధగా ఉంటుందో పిండినవాళ్ళకే తెలుసు, అందుకే ఇప్పుడు చిన్న చిన్న సీసాల్లో 60 ఎంఎల్ చొప్పున పెడుతున్నా. మూడో వారంలో పాలు బాగా తగ్గిపోయాయి, మధ్యాహ్నం ఫోన్లో పాప ఫొటోలు చూస్తూ కూర్చున్నా సగం సీసా కూడా రాలేదు. డాక్టరమ్మ కంగారు పడొద్దు, ఇంట్లో ఉన్నప్పుడు రాత్రీ పొద్దునా నేరుగానే పట్టండి, పంప్ మానొద్దు, మీరు నీళ్ళు, తిండి సరిగ్గా తీసుకోండి అన్నారు. వారంలో కాస్త తేరుకుంది. ఏడాది దాకా ఉప్పు, పంచదార, తేనె వద్దని కూడా ఆవిడే చెప్పారు, ఆ చీటీ డేకేర్ వంటగదిలో అంటించాం.

జబ్బులు మాత్రం వచ్చాయి. ఫిబ్రవరి మొదటి వారంలోనే జలుబు, ముక్కు కారి కారి పెదవి మీద ఎర్రగా ఒరుసుకుపోయింది. జ్వరం వస్తే, మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే డేకేర్‌కి రానిస్తారు, మంచి రూలే, కానీ నేను రెండు రోజులు, ఆయన రెండు రోజులు లీవ్ పంచుకోవాల్సొచ్చింది. 15న శనివారం గవర్నమెంట్ హెల్త్ సెంటర్‌లో తొమ్మిది నెలల టీకా వేయించాం, ఎంఆర్ అంటే తట్టుకి, రుబెల్లాకి, దాంతోపాటు విటమిన్ ఏ చుక్కలు. అక్కడి సిస్టర్ ఒక మాట చెప్పింది, ఈ టీకాకి జ్వరం వెంటనే రాకపోవచ్చు, వారం పది రోజులకి కూడా రావొచ్చు, భయపడకండి అని. అన్నట్టే ఎనిమిదో రోజున ఒళ్ళు వెచ్చబడింది, ముందే తెలుసు కాబట్టి అర్ధరాత్రి హాస్పిటల్‌కి పరిగెత్తలేదు, డాక్టరు పాప బరువుని బట్టి రాసిచ్చిన చుక్కలు వేసి చూసాం, రెండో రోజుకి తగ్గింది.

ఇంట్లో పెద్ద మార్పు మా ఆయనలో. అమ్మ ఉన్నన్నాళ్ళూ పాపకి స్నానం చేయించే పని ఆయన దాకా వెళ్ళేదే కాదు, ఎత్తుకుని ఆడించడం వరకే. ఆయన పనిచేసేది బాచుపల్లి వైపు మందుల కంపెనీలో, పొద్దున ముందుగా వెళ్ళి ఐదింటికల్లా బయటపడేలా షిఫ్ట్ అడిగి మార్పించుకున్నారు. ఇప్పుడు పాపని డేకేర్ నుంచి తెచ్చేది, సాయంత్రం స్నానం చేయించేది ఆయనే. మొదటిరోజు బేబీ టబ్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి తల కింద పెట్టి, నీళ్ళు ఎక్కువ వేడిగా ఉన్నాయా అని పదిసార్లు అడిగారు. నిన్న నేను స్కూటీ పార్క్ చేసి వచ్చేసరికి బాత్రూంలోంచి ఇద్దరి నవ్వులు వినిపిస్తున్నాయి, చెప్పులు విప్పకుండా అలాగే గుమ్మంలో నిలబడి విన్నాను. నేను చేతులు చాపినా రాలేదు, వాళ్ళ నాన్న భుజం మీద తల పెట్టేసుకుంది. నాకు చాలా సంతోషమేసింది.

ఇంక చీర. పోయిన సోమవారం డేకేర్‌లో దుప్పట్లన్నీ ఉతుకుతూ ఆ చీర కూడా సర్ఫులో వేసేసారు. వాళ్ళ తప్పేం లేదు, శుభ్రంగా ఉంచాలనే కదా. ఆ రోజు పాప అస్సలు పడుకోలేదు, చీర మీద ముఖం పెట్టడం, తీసెయ్యడం, మళ్ళీ పెట్టడం. సాయంత్రం ఇంటికొచ్చాక నేనూ వాసన చూసాను. సర్ఫు వాసనే.

రాత్రి తొమ్మిదింటికి అమ్మకి ఫోన్ చేసాను. నెల రోజులుగా పాప తిందా, పడుకుందా అని ముక్తసరిగా మాట్లాడుతోంది, ఆ రోజు నేను ఇలా అయిందమ్మా అని చెప్తూ చెప్తూ ఏడ్చేసాను. అటువైపు కాసేపు ఏం లేదు. తర్వాత "ఏడవకే పిచ్చిదానా. ఆ చీరెందుకు పెట్టాననుకున్నావ్, నువ్వు చూస్తావో చూడవో అనుకున్నా" అంది. తర్వాత ఇద్దరం గంటసేపు మాట్లాడుకున్నాం, నాట్లు అయిపోయాయంట, నాన్న షుగర్ కూడా తగ్గిందంట, పాపని ఇంకా ఆయాల చేతిలో పెట్టావు అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. ఆయమ్మ పేరు, ఊరు, ఎంతమంది పిల్లలు అన్నీ అడిగింది.

నిన్న బస్సు పార్సిల్ వచ్చింది, మియాపూర్ వెళ్ళి ఆయన తీసుకొచ్చారు. ఉగ్గుపిండి, ఒక డబ్బా సున్నుండలు, అడుగున రెండు చీరలు, ఉతకనివి, ఒకటి నీలంది, ఒకటి గంధం రంగుది. సున్నుండల డబ్బా మీద కాగితం అంటించి నాన్న చేతిరాతతో "ఆయమ్మకి" అని ఉంది. సాయంత్రం ఫోన్ చేస్తే అమ్మ అంది, "ఒకటి ఉతికేటప్పుడు ఇంకోటి ఉంటది. ఉగాదికి వచ్చేటప్పుడు ఆ పాతది పట్టుకొచ్చెయ్, మళ్ళీ కట్టుకుని ఇస్తాను."

పాప ఇప్పుడు నీలం చీర మీద బోర్లా పడుకుని ఉంది. ఉగాది మార్చి 30 ఆదివారం, ఈసారి రైలుకి టికెట్లు చూస్తున్నాం.